కారు సీటంటే గుక్కపట్టే చంటిబిడ్డ: వెనక్కి చూసే బకెట్ సీటు చాలాకాలం వాడాక

సీటు మంచిదే, కొనొచ్చు. అయితే డబ్బాలోంచి తీసి అలాగే బండిలో పెట్టి బిడ్డను కూర్చోబెడితే వీధి మలుపు దాటకముందే గుక్కపట్టడం ఖాయం. ఒకరి తర్వాత ఒకరు ఇద్దరు పిల్లలకు ఇదే సీటు వాడాక మాకు తేలింది ఒకటుంది. బిడ్డ ఏడుపు ఎప్పుడు మొదలుపెట్టిందో గమనిస్తే సగం చిక్కు విడిపోతుంది. బెల్టు పెడుతుండగానే ఏడిస్తే దాని కారణం వేరు, పది నిమిషాలకు ఏడిస్తే వేరు, బండి ఆగగానే ఏడిస్తే వేరు.

మొదట ఈ సీటు సంగతి. పుట్టినప్పటి నుంచి 13 కిలోల వరకు పనికొచ్చే రకం ఇది. పైన పట్టుకునే పిడి, ఎండ తగలకుండా చిన్న గొడుగు, నెలల బిడ్డ కోసం లోపల అదనపు మెత్త ఉంటాయి. బిడ్డ ముఖం ఎప్పుడూ బండి వెనక అద్దం వైపే ఉండాలి. కొనేటప్పుడు పిల్లల సీట్ల భద్రతా ప్రమాణాలైన ఈసీఈ ఆర్44 గానీ, ఆర్129 గానీ, మన ఏఐఎస్-072 గానీ ముద్ర ఉందో లేదో చూడండి. అది లేని సీటు ఎంత చవకగా వచ్చినా వద్దు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో వచ్చిన 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలను బెల్టు గానీ ఇలాంటి సీటు గానీ లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా మాట అటుంచితే, గంటకు 50 కిలోమీటర్ల వేగంలో దేన్నయినా గుద్దుకుంటే ఒళ్ళో ఉన్న బిడ్డను ఆపడం ఎవరి చేతులకూ సాధ్యం కాదు.

డబ్బు కట్టేముందు సీటును మీ బండిలో ఒకసారి బిగించి చూపించమని అడగండి. చిన్న కార్లలో వెనక బెల్టు సీటు వీపు చుట్టూ తిరిగొచ్చేంత పొడవు ఉండకపోవచ్చు. నడుం పట్టీ సీటు మీదుగా, భుజం పట్టీ సీటు వెనకగా వెళ్ళాలి. వెనక్కి చూసే సీటుకు బెల్టు పోయే దారిని నీలం రంగులో గుర్తుపెట్టి ఉంటారు. మోచేత్తో సీటును కిందికి అదుముతూ బెల్టును లాగి బిగించాలి. తర్వాత బెల్టు దూరిన చోట పట్టుకుని ఊపితే రెండున్నర సెంటీమీటర్లకు మించి కదలకూడదు. ముందు సీటులో ఎయిర్‌బ్యాగ్ ఉంటే ఈ సీటును అక్కడ పెట్టనే కూడదు. అద్దె కార్లలో ఇంకో తలనొప్పి ఉంది. సీటు కవర్లు తొడిగి వెనక బెల్టు బకిల్‌ను వాటి కిందే దాచేసి ఉంటారు. బండి మాట్లాడేటప్పుడే వెనక బెల్టు పైకి తీసి పెట్టమని చెప్పాలి. ఆటోలో ఈ సీటు ఎందుకూ పనికిరాదు, దాన్ని కట్టే బెల్టే ఉండదు.

ఇక వాలు. నెలల బిడ్డకు సీటు వీపు నిలువు నుంచి దాదాపు 45 డిగ్రీలు వెనక్కి వాలి ఉండాలి. సీటు పక్కన గీత గానీ, గోళీలాంటి గుర్తు గానీ ఉంటుంది, దాన్ని నేలకు సమంగా చూసుకోవాలి. మన కార్లలో వెనక సీటు ముందంచు కాస్త లేచి ఉంటుంది కాబట్టి బకెట్ సీటు అనుకున్నదానికన్నా నిటారుగా నిలుస్తుంది. అప్పుడు గడ్డం ఛాతీకి ఆని శ్వాసకు అడ్డం పడుతుంది. అది ఏడుపుకన్నా పెద్ద సంగతి. సీటు మాన్యువల్ ఒప్పుకుంటే, కారు సీటు వీపూ అడుగూ కలిసే సందులో, అంటే బిడ్డ పాదాల వైపు, తువ్వాలు గట్టిగా చుట్టి పెడితే వాలు సరవుతుంది. ఇంకో మాట, ఇంటిముందు ర్యాంపు మీద బండి ఉండగా సీటు బిగించకండి. గుర్తు తప్పు చూపిస్తుంది. రోడ్డు మీదికి తెచ్చి చదునుగా ఉన్న చోట బిగించాలి.

బెల్టు పెడుతుండగానే బిర్రబిగుసుకుని ఏడ్చే బిడ్డకు ఎక్కువగా ఇబ్బంది నడుం దగ్గరే. పట్టీలన్నీ పూర్తిగా వదులు చేసి, పిరుదులు సీటు మూలలోకి ఆనేలా కూర్చోబెట్టి, ఆ తర్వాతే బిగించాలి. కిందికి జారి కూర్చుంటే బకిల్ పొట్టలో గుచ్చుకుంటుంది, తాగిన పాలు కక్కేస్తుంది. మన ఇళ్ళలో ఇంకొకటి చూసుకోవాలి, మొలతాడు. దానికి కట్టిన తాయెత్తో వెండి మువ్వో సరిగ్గా బకిల్ కిందికి వస్తుంది. బిడ్డను దించాక తొడ పైన గానీ బొడ్డు కింద గానీ మువ్వంత ఎర్రటి మచ్చ కనిపిస్తే ఏడుపు అందుకే. తాడును పక్కకు తిప్పి, మువ్వ నడుం పక్కకు వచ్చేలా చేసి కూర్చోబెడితే ఆ ఏడుపు ఆగిపోతుంది. భుజం పట్టీలు బిడ్డ భుజాల ఎత్తులో గానీ కొంచెం కింద గానీ ఉన్న రంధ్రాల్లోంచి రావాలి. మెడ కింద అడ్డంగా ఉండే ఎముక (కాలర్ బోన్) దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూడండి, బట్ట వేళ్ళకు దొరికితే ఇంకా వదులుగా ఉన్నట్టే. వదులుగా ఉంటే బిడ్డకు సుఖమనుకుంటారు గానీ, నిజానికి మెలితిరిగిన పట్టీ, వదులు పట్టీ మెడకు రాసుకుని ఎక్కువ విసిగిస్తాయి. లోపలి మెత్తను మాన్యువల్‌లో రాసిన బరువు రాగానే తీసేయాలి. దాన్ని తీయడం మరిచిపోయి బిడ్డకు సీటంటే పడదని తీర్మానించుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి.

పొత్తిగుడ్డలో చుట్టి పట్టీలు పెట్టకూడదు, స్వెటరు మీద అసలే పెట్టకూడదు. పల్చటి నూలు జుబ్బా చాలు. చలి అనిపిస్తే పట్టీలు బిగించాక పైన దుప్పటి కప్పొచ్చు. బండి ఎక్కకముందే ఈ సీటుతో బిడ్డకు పరిచయం ఉండాలి. చీర ఉయ్యాలలో ముడుచుకుని పడుకోవడం అలవాటైన ఒంటికి ఈ గట్టి గుల్ల కొత్త. ఇంట్లో నేలమీద సీటు పెట్టి, కడుపు నిండి హుషారుగా ఉన్నప్పుడు, ఎదురుగా కూర్చుని మాట్లాడుతూ కాసేపు కూర్చోబెడుతుంటే కొన్నాళ్ళకు బెల్టు చప్పుడుకు ఉలిక్కిపడడం తగ్గుతుంది.

పది నిమిషాలకు మొదలయ్యే ఏడుపు ఎక్కువగా వేడి వల్లే. తిరుపతి ఎండల్లో ఇదే అసలు శత్రువు. సీటు గుల్ల లోపల థర్మోకోల్ లాంటి నురుగు ఉంటుంది, అది వీపు వేడిని పోనివ్వదు. పైగా ముందున్న ఏసీ గాలి వచ్చి తగిలేది సీటు వీపుకు. ముందు కూర్చున్న పెద్దవాళ్ళు చల్లగా ఉందని అనుకుంటుంటే వెనక బిడ్డ వీపంతా తడిసి ఉంటుంది. అందుకే బండి తలుపులు తెరిచి కాసేపు వేడి పోనిచ్చి, ఏసీ వేసి చల్లబడ్డాకే బిడ్డను ఎక్కించాలి. ముందరి ఏసీ రెక్కలు పైకప్పు వైపు తిప్పితే గాలి వెనక దాకా వస్తుంది. చేతులు, పాదాలు పట్టుకుని చూస్తే తెలియదు, మెడ వెనక చెయ్యి పెట్టి చూడాలి. ఎండలో నిలిపిన బండిలో సీటు మీద తెల్లటి తువ్వాలు పరిచి ఉంచండి. బకిల్ ఇనుప నాలుక కాలిందంటే తొడ మీద వాత పడుతుంది. బిడ్డను కూర్చోబెట్టే ముందు దాన్ని మీ చేత్తో తాకి చూడాలి.

ఎండ ఏ వైపు పడుతుందో కూడా చూసుకోండి. వెనక్కి చూసే బిడ్డ కళ్ళకు వెనక అద్దమే ఎదురద్దం. ఉదయం తిరుపతి నుంచి చంద్రగిరి మీదుగా చిత్తూరు వెళ్తుంటే సూర్యుడు వెనక, ఎడమ మూలన ఉంటాడు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ అదే మూల నుంచి పడతాడు. మనకు నీడగానే ఉంటుంది, బిడ్డకు కళ్ళలో పొడుచుకుంటుంది. సీటు గొడుగు పూర్తిగా లాగితే చాలావరకు ఆగుతుంది. దిష్టి తగలకుండానో, ఎండ తగలకుండానో గొడుగు మీద చున్నీ కప్పేస్తారు, అది మాత్రం వద్దు. లోపల గాలి ఆడదు, ఉక్కపోతకు బిడ్డ నలిగిపోతుంది.

బండి ఆగగానే ఏడ్చే పిల్లలున్నారు. తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే చాలు, లంకించుకుంటారు. వాళ్ళకు కావలసింది కదలిక. పక్కన కూర్చున్నవాళ్ళు సన్నగా హుమ్మని రాగం తీస్తూ, ఛాతీ మీద చెయ్యి వేసి ఉంచితే సరిపోతుంది. గట్టి బొమ్మలు పైన వేలాడదీయకండి, సడన్ బ్రేక్ వేస్తే అవి ముఖానికే తగులుతాయి.

అరగంట దాటాక వచ్చే ఏడుపును ఆడించి ఆపాలని చూడడం దండగ. ఆకలో, తడిసిన లంగోటీయో, ఒకే తీరున కూర్చున్న అలసటో అయ్యుంటుంది. తొలి వారాల్లో అరగంటకు మించి కూర్చోబెట్టకపోవడం మంచిది, ఆ తర్వాతా ఏకబిగిన రెండు గంటలు దాటకూడదు. తిరుపతి-చిత్తూరు దాదాపు 70 కిలోమీటర్లు. పాకాల పరిసరాల్లో ఒకసారి ఆపి, బిడ్డను సీటులోంచి తీసి, వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు చేతులు ఆడించనిస్తే మిగతా దారి గడుస్తుంది. పాలు పట్టడం బండి ఆపాకే. తాగించి, త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని, ఇంకాసేపు ఆగి ఎక్కించాలి.

తిరుమల ఎక్కడం వేరే లెక్క. అలిపిరి తనిఖీ దగ్గర ఎలాగూ అందరూ దిగాలి, బిడ్డనూ తీయాలి. అప్పుడు లంగోటీ మార్చేయండి, పాలు మాత్రం దానికి అరగంట ముందే అయిపోవాలి. నిండు కడుపుతో మలుపులు ఎక్కితే కక్కడం తప్పదు. ఎక్కేటప్పుడు బండి ముందుభాగం లేస్తుంది, బిడ్డ తల అటే ఉంటుంది కాబట్టి సీటు ఇంకాస్త నిటారవుతుంది. మాన్యువల్ ఇచ్చిన హద్దులోనే ఎక్కువ వాలు ఉండేలా కిందే సర్దుకుని బయల్దేరాలి. పక్కన ఉన్నవాళ్ళు గడ్డం ఛాతీకి ఆనుతోందా అని చూస్తూ ఉండాలి. ఎత్తుకు చెవులు మూసుకుపోయి ఏడిస్తే నోటికి ఏదో ఒకటి, పాలపీకో శుభ్రమైన వేలో, చప్పరించడానికి ఇవ్వండి. మింగుతుంటే చెవులు తెరుచుకుంటాయి.

బిడ్డ గుక్కపట్టగానే వెనక కూర్చున్న అవ్వకు ప్రాణం ఆగదు, "విప్పి ఇటియ్యమ్మా, నేనెత్తుకుంటా" అంటుంది. ఆ ప్రేమను కాదనడం కష్టమే. అయినా విప్పాల్సింది బండి ఆగాకే. ఈ మాట బయల్దేరే ముందే అందరికీ చెప్పి ఉంచుకుంటే దారిలో గొడవ ఉండదు. ఏడుపుతో పాటు ప్రతిసారీ పాలు బయటికి చిమ్మడమో, ఊపిరి తేడాగా తీయడమో ఉంటే సీటు సర్దడంతో తీరేది కాదు, పిల్లల డాక్టరుకు చూపించాలి.

ఇన్నాళ్ళ వాడకంలో నచ్చనివి కూడా చెప్పాలి. సీటే నాలుగు కిలోల దాకా ఉంటుంది, ఏడు కిలోల బిడ్డతో కలిపి మెట్లెక్కాలంటే భుజం లాగేస్తుంది. గొడుగు ఎలాస్టిక్ సాగిపోయి ముందుకు లాగితే నిలవడం లేదు. కారిన పాలు, దుమ్ము పేరుకుని పట్టీ బిగించే మీట మొరాయిస్తుంది, బకిల్ కూడా టక్కుమని పడదు. దానికి నూనె వేయకండి. గోరువెచ్చటి నీళ్ళు పోసి కడిగి ఆరబెడితే సరవుతుంది. పట్టీలను తడిగుడ్డతో తుడవడమే, మెషిన్‌లో వేస్తే నేత బలం పోతుంది. కవరు మాత్రం మామూలుగా ఉతుక్కోవచ్చు. పిడి ఉంది కదా అని బిడ్డను ఇంట్లో ఇందులోనే నిద్రపుచ్చడం, సీటును మంచం మీదో బల్ల మీదో పెట్టడం ప్రమాదం. ఇల్లు చేరగానే తీసి చదునుగా పడుకోబెట్టాలి.

కాళ్ళు మడుచుకున్నాయని సీటు చిన్నదైపోయిందనుకోనక్కర్లేదు. వెనక్కి చూసే బిడ్డ కాళ్ళు మడిచే కూర్చుంటుంది. తల పైభాగం గుల్ల అంచుకు రెండున్నర సెంటీమీటర్ల దూరంలోకి వచ్చినా, బరువు 13 కిలోలకు చేరినా పెద్ద సీటుకు మారాలి, అది కూడా కొంతకాలం వెనక్కి చూసేదే అయితే మేలు. పాత సీటు ఎవరికైనా ఇచ్చేటట్టయితే ముందు అడుగున ముద్రించిన గడువు తేదీ చూడండి. ఒక్కసారి గుద్దుకున్న బండిలో ఉన్న సీటునైతే, పైకి గీత కూడా కనిపించకపోయినా, పట్టీలు కోసి పారేయండి.