జతల కార్డుల డబ్బా: ఆట బాగుంది, మూత మీది మాటే బాగాలేదు

బరంపురం బడాబజారులో మనవల కోసం 349 రూపాయలు పెట్టి కొన్నాను. జత బొమ్మలు వెతికే ఆట, మొత్తం 48 కార్డులు. అట్ట మందంగా ఉంది, అంచులు గుండ్రంగా కోశారు, చిన్నవాడు నోట్లో పెట్టుకున్నా రంగు దిగలేదు. అంతవరకు బాగానే ఉంది. మూత మీద మాత్రం ‘3 ఏళ్లు దాటితే చాలు, జ్ఞాపకశక్తి రెట్టింపు’ అని అచ్చేశారు. బడిపంతులుగా రిటైరైనవాణ్ణి, ఇలాంటివి చూస్తే ఒళ్లు మండుతుంది.

మనవరాలికి పదేళ్లు. కార్డు తిప్పగానే ‘గొడుగు మూలన, కప్ప కిటికీ వైపు’ అని గొణుక్కుంటుంది. ఐదేళ్ల మనవడు గొణగడు. బొమ్మ చూసి మురిసిపోతాడు, బోర్లా పెడతాడు, మరుక్షణం మరిచిపోతాడు. వాడికి బుర్ర లేక కాదు. 1966లో అమెరికాలో మనస్తత్వవేత్త జాన్ ఫ్లావెల్ బృందం పిల్లలకు బొమ్మలు చూపించి, గుర్తుపెట్టుకోమని చెప్పి, వాళ్ల పెదాలు కదులుతున్నాయా అని గమనించింది. ఐదేళ్లవాళ్లలో లోలోపల వల్లెవేసుకున్నవాళ్లు కొద్దిమందే, పదేళ్లవాళ్లలో ఎక్కువమంది. ఆ తెలివిడి వయసుతో రావాల్సిందే. అందుకని చిన్నవాళ్ల ముందు డబ్బా మొత్తం పరచకండి, ఆరు జతలు చాలు. మావాడికి అలా తగ్గించాకే ఏడుపు ఆగింది.

నాకు అసలు చిరాకు బొమ్మల దగ్గర. మంచు ఇల్లు, పెంగ్విను, మంచు మీద జారే బూట్లు... మా గంజాం జిల్లా ఎండల్లో ఎవరి కోసమండీ ఇవి? వాటిని మనవడు ఎన్నిసార్లు చూసినా గుర్తుపెట్టుకోడు. పులి కార్డును మాత్రం ఎక్కడ దాచినా పట్టేస్తాడు. మా బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో పులి వేషాన్ని వాళ్ల నాన్న భుజాలెక్కి చూసినవాడు మరి! ముందే ఎరుక ఉన్నది ఇట్టే నిలుస్తుంది. మనస్తత్వ పరిశోధకురాలు మిషెలిన్ చీ 1978లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇదే తేలింది. చదరంగంలో ఆరితేరిన పిల్లలు బల్ల మీద పావుల అమరికను, ఆ ఆట అంతగా రాని పెద్దవాళ్లకంటే బాగా గుర్తుపెట్టుకున్నారు. అంకెలు చెప్పమంటే మాత్రం పెద్దవాళ్లే నెగ్గారు.

ఇంట్లో ఐదేళ్లు దాటిన పిల్లలుంటే కొనొచ్చు. మూడేళ్లవాళ్లకైతే డబ్బు దండగ. బొమ్మల కింద పేర్లు ఒడియా, ఇంగ్లిష్‌లలోనే ఉన్నాయి, తెలుగు సెట్టు ఉందా అంటే షాపతను తల అడ్డంగా ఊపాడు. మూత వదులుగా ఉంది, రబ్బరు బ్యాండు మనమే వేసుకోవాలి.