గుండ్రటి పిడి వాల్వు మీద కోపం: స్టీమ్ బాయిలర్‌తో ఏడు చలికాలాలు

న్యూజెర్సీలో మేం కొన్న పాత ఇంటికి వేడంతా బేస్‌మెంట్‌లోని స్టీమ్ బాయిలర్ నుంచే. వెచ్చదనానికి వంక పెట్టలేను. నా కోపమంతా ఒక్క వాల్వు మీద.

బాయిలర్‌లోకి చన్నీళ్లు వచ్చే గొట్టం మీద, నీళ్లు తగ్గితే దానంతటదే నింపే ఆటోమేటిక్ ఫీడర్ ఉంటుంది. అది పనిచేయకపోతే చేత్తో నీళ్లు పట్టడానికి పక్కనే బైపాస్ వాల్వు. మాది గుండ్రటి పిడిది. చూస్తే తెరిచి ఉందో మూసి ఉందో తెలియదు.

మూడో ఏడాది జనవరిలో ఒక రాత్రి, పై గదిలో, ఆవిరితో వేడెక్కే రేడియేటర్‌కు గాలి పోయేందుకు ఉండే వెంట్ నుంచి నీళ్లు చిమ్మాయి. కంగారులో రేడియేటర్ వాల్వు సగం మూశాను. చేయకూడని పని అదే. మా ఇంట్లో ఆవిరి ఎక్కేదీ, నీరై దిగేదీ ఒకే గొట్టంలో. నీళ్లు దిగే దారి లేక సుత్తితో కొట్టినట్టు మోత! పిల్లలు లేచి కూర్చున్నారు. కిందికెళ్లి చూస్తే, బాయిలర్ నీటి మట్టం చూపే గాజు గొట్టంలో సగానికి కాస్త పైన ఉండాల్సిన నీళ్లు దాని నిండా ఉన్నాయి.

బాయిలర్ ఆపి, చల్లారాక నీళ్లు వదిలి, చన్నీళ్ల మెయిన్ వాల్వు కట్టేసి, మట్టం దగ్గర టేపు అంటించాను. తెల్లారినా మట్టం కదల్లేదు. ఫీడర్‌కు అటూ ఇటూ వాల్వులు మూసి మెయిన్ తెరిస్తే, గంటలో వేలెడు పెరిగింది. అంటే నీళ్లు బైపాస్ గుండానే కారుతున్నాయి. ప్లంబర్ బైపాస్ విప్పి అరిగిపోయిన వాషర్ చూపించాడు.

దాని స్థానంలో లివర్ వాల్వు వేయించాను. పిడి గొట్టానికి అడ్డంగా ఉంటే మూసినట్టు. మెట్ల మీంచే కనిపిస్తుంది, ఎంత హాయో! ఆ వారమే అన్నింటికీ చీటీలు కట్టాను. ఆవిరి ఒత్తిడి 15 పీఎస్ఐకి చేరితే బయటికి వదిలే సేఫ్టీ వాల్వుకు ‘దీని గొట్టానికి మూత పెట్టొద్దు’. నీళ్లు మరీ తగ్గితే మంట ఆపేసే లో వాటర్ కటాఫ్ కింది వాల్వుకు ‘వారానికోసారి, మంట వెలుగుతుండగా, తుప్పు నీళ్లు దిగాలి, మంట ఆరాలి’.

ఫీడర్ ఉంటే నిశ్చింత అని మొదట్లో అందరికీ చెప్పాను. ఇప్పుడంత గట్టిగా చెప్పను. ఎక్కడ ఆవిరి కారుతున్నా అది గుట్టుగా నీళ్లు నింపేస్తుంది. కొత్త నీళ్లతో వచ్చే ఆక్సిజన్ బాయిలర్‌ను లోపల తినేస్తుంది.

నేను ఇంటి నుంచే పనిచేస్తాను కాబట్టి బకెట్ పట్టుకుని కిందికి దిగడం కుదురుతోంది. డిసెంబరులో నెలరోజులు ఇండియా వెళ్లేవాళ్లకు, చూసే మనిషి లేకుండా ఇది సరిపడుతుందని చెప్పలేను. మేం వెళ్లేటప్పుడు పక్కింటాయనకు తాళంచెవి ఇస్తాం. ఆయన కోసమే చీటీల మీద తెలుగు కింద ఇంగ్లిష్ కూడా రాశాను.