ఇల్లు మారాక ఉత్తరాలు పాత అడ్రసుకే పోతుంటే: ఫిర్యాదు ఎక్కడ చేస్తే మేలు?

ఇల్లు మారాం, పాత పోస్టాఫీసులో కొత్త అడ్రసు రాసిచ్చాం, అయినా ఉత్తరాలు రావడం లేదు. ఇలాంటప్పుడు ఫిర్యాదు ఎక్కడ పెట్టాలో చాలామందికి తెలియదు. మా అమ్మ పేరు మీద వచ్చిన బీమా కాగితాలు ఇలాగే తిరిగిపోయాయి. పంపినవాళ్ల ఆఫీసుకు వెళ్లి అడిగితే ఆ కవరు చూపించారు. పాత అడ్రసు మీద అడ్డంగా గీత, పక్కన ఎర్ర సిరాతో ‘లెఫ్ట్’ (ఇల్లు వదిలి వెళ్లిపోయారు) అన్న రాత, కింద తేదీ. అప్పటికే మేమిచ్చిన దరఖాస్తు పోస్టాఫీసులో ఉంది. డెబ్బై దాటిన మనిషి తనకు రావాల్సిన కాగితం కోసం ఊళ్లు తిరగాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధే.

ఉత్తరాన్ని మళ్లించాల్సింది పాత అడ్రసుకు బట్వాడా చేసే పోస్టాఫీసే. కొత్త ఇంటి దగ్గరి పోస్టుమాస్టరు మీద కేకలేసినా ఆయన చేయగలిగింది లేదు. పాత ఆఫీసులో కూడా తప్పు ఎక్కువగా బీటు, అంటే ఒక పోస్టుమ్యాన్ రోజూ తిరిగే ప్రాంతం, చేతులు మారే చోటే జరుగుతుంది. రోజూ వచ్చే పోస్టుమ్యాన్‌కు మనం వెళ్లిపోయిన సంగతి, వెళ్లిన చోటు రెండూ తెలుసు. ఆయన సెలవు పెట్టిన రోజు ఇంకొకరు ఆ సంచీ ఎత్తుకుంటారు. తాళం చూస్తారు, పక్కింటివాళ్లు ఖాళీ చేశారంటారు, కవరు వెనక్కి పోతుంది. కాబట్టి మొదటి ఫిర్యాదు ఆ ఆఫీసుకే, నేరుగా, కాగితం మీద.

కౌంటర్లో నోటితో చెబితే సరే చూస్తామంటారు, అంతటితో సరి. పోస్టుమాస్టరు పేరిట రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీ సీలు, సంతకం వేయించుకోవాలి. పాత అడ్రసు, కొత్త అడ్రసు, ఇంట్లో ఎవరెవరి పేరు మీద ఉత్తరాలు వస్తాయో వాళ్లందరి పేర్లు, మొదట దరఖాస్తు ఇచ్చిన తేదీ అందులో ఉండాలి. మేమిచ్చిన మొదటి కాగితంలో నాన్న పేరొక్కటే ఉందని కౌంటర్లో వాదించారు. అమ్మ ఉత్తరాలకు అది వర్తించదట! ఆ వాదన నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కానీ పేర్లన్నీ రాసిస్తే వాళ్లకు ఆ దారి ఉండదు. పల్లెల్లో అయితే ఈ తంటా తక్కువ, బ్రాంచి పోస్టుమాస్టరుకు ఊరంతా తెలిసినవాళ్లే.

ఇక టోల్‌ఫ్రీ నంబరు 1800 266 6868, తపాలా శాఖ వెబ్‌సైటులోని ఫిర్యాదు పేజీ. తేలికైన దారే, ఇంట్లో కూర్చుని చేయొచ్చు. అయితే పంపిన కవరుకు ట్రాకింగ్ నంబరు ఉంటేనే వీటికి బలం. స్పీడ్ పోస్టుకు నంబరుంటుంది, మామూలు కవరుకు ఉండదు. పెళ్లి శుభలేఖ రాలేదని చెబితే దేన్ని పట్టుకుని వెతకాలి? నంబరు ఉన్నా ఫిర్యాదు చివరికి అదే పాత ఆఫీసుకు చేరుతుంది, అక్కడ రెండు ముక్కలు రాసి మూసేస్తే మనకు ‘పరిష్కరించబడింది’ అని సందేశం వస్తుంది. ఒక్కటే దారి ఎంచుకోవాల్సి వస్తే నేను దీన్ని ఎంచుకోను.

దీనికంటే ప్రభుత్వ శాఖల మీద ఫిర్యాదులు తీసుకునే కేంద్ర ప్రభుత్వ సీపీగ్రామ్స్ పోర్టల్ ఎంతో మేలు. డబ్బు కట్టనక్కర్లేదు. 2024 ఆగస్టు మార్గదర్శకాల ప్రకారం 21 రోజుల్లో తేల్చాలి, జవాబు నచ్చకపోతే అప్పీలుకు వెళ్లొచ్చు. పై అధికారి జవాబు చెప్పాల్సి వస్తుంది కనుక కింది ఆఫీసులో కదలిక వస్తుంది. ఇక్కడ నెగ్గాలంటే ఒక ఆధారం చాలా పనికొస్తుంది. స్పీడ్ పోస్టు తిరిగిపోతే ట్రాకింగ్‌లో కారణం కనిపిస్తుంది. ‘అడ్రసీ లెఫ్ట్ వితౌట్ ఇన్‌స్ట్రక్షన్స్’ అని ఉందా చూడండి. ఎక్కడికి వెళ్తున్నదీ చెప్పకుండా వెళ్లిపోయారని దాని భావం. మీ చేతిలో సీలు పడ్డ దరఖాస్తు ఉంటే, ఆ మాట అబద్ధమని తపాలా శాఖ సీలే చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి అప్‌లోడ్ చేయండి. ట్రాకింగ్ వివరాలు ఎల్లకాలం ఉండవు, కనిపించిన రోజే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

దరఖాస్తే అందలేదని పోస్టాఫీసు అంటే అప్పుడు సమాచార హక్కు చట్టం పనికొస్తుంది. 10 రూపాయల పోస్టల్ ఆర్డరు, 30 రోజుల గడువు. ఎందుకు చేయలేదని అడిగితే జవాబు రాదు, అడగాల్సింది కాగితం. ఫలానా తేదీన నేనిచ్చిన దరఖాస్తు మీద ఏ చర్య తీసుకున్నారు, దాన్ని నమోదు చేసిన పేజీ నకలు ఇవ్వండి అని రాయాలి. ఉత్తరాలు మాత్రం దీనివల్ల రావు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్తామనేవాళ్లూ ఉన్నారు. 5 లక్షల లోపు విలువకు జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. కానీ 1898 నాటి పోస్టాఫీసు చట్టం ఆలస్యానికీ నష్టానికీ శాఖకు బాధ్యత లేదంది. 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చిన 2023 చట్టంలోనూ ఆ రక్షణ ఉంది. నిజంగా పెద్ద నష్టం జరిగి, కాగితాలన్నీ చేతిలో ఉంటే తప్ప నేను అటు పొమ్మనను.

కోర్టు నోటీసుల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. సరైన అడ్రసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అందినట్టే భావించాలని జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. చెక్కు బౌన్సు నోటీసు అందలేదనే వ్యక్తి సమన్లు అందిన 15 రోజుల్లో ఆ మొత్తం కట్టేయొచ్చని సుప్రీంకోర్టు 2007లో సి.సి. అలవి హాజీ కేసులో అంది. ఇల్లు మారిన సంగతి పోస్టాఫీసుకు ఎప్పుడు చెప్పారో చూపించడానికి వకీలుకు కూడా ఆ సీలు పడ్డ నకలే ఇవ్వాలి.

కాబట్టి నా వరుస ఇది: పాత ఆఫీసులో రాతపూర్వకంగా, వారం పది రోజుల్లో మార్పు లేకపోతే సీపీగ్రామ్స్, దరఖాస్తు లేదంటే సమాచార హక్కు. ఏటీఎం కార్డులు, చెక్కు పుస్తకాల వంటివాటి మీద అడ్రసు మారితే తిప్పి పంపేయమని పంపినవాళ్లే ముద్రిస్తారు. అవి తిరిగిపోయాయని తపాలా శాఖ మీద ఫిర్యాదు చేసి లాభం లేదు, బ్యాంకులో అడ్రసు మార్పించుకోవాల్సిందే.