ఇంటి పన్ను నోటీసు: కట్టేయడమా, అర్జీ పెట్టడమా?

ఏప్రిల్ వచ్చిందంటే నెల్లూరు నుంచీ ఒంగోలు నుంచీ తెలిసినవాళ్లు అడిగేది ఇదే. "పన్ను పెంచి నోటీసిచ్చారు. కట్టేయమంటావా, అర్జీ పెట్టమంటావా?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: నిరుడు ఎంత కట్టారు?

2021 ఏప్రిల్ నుంచి మన ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటి పన్ను లెక్కకి అద్దె విలువ పోయి మూలధన విలువ వచ్చింది. స్థలానికి రిజిస్ట్రేషన్ విలువ, కట్టడానికి దాని రకాన్ని బట్టి విలువ, రెండూ కలిపి దానిమీద ఇంత శాతం. వింటే గుండె ఝల్లుమంటుంది గానీ, కట్టడమూ వాడకమూ మారని పాత ఇంటికి పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదు. 4,000 కట్టినవాళ్లకి 4,600 వచ్చిందంటే లెక్క ప్రకారమే వచ్చింది. "మా వీధిలో అంత ధర లేదండీ" అని రాసినా ఒరిగేదేం లేదు, రిజిస్ట్రేషన్ విలువ మునిసిపాలిటీ చేతిలోది కాదు. ఏడాది మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం రాయితీ ఉంది, అది తీసుకోండి.

అదే 4,000 కాస్తా 9,000 అయిందా? అయితే కాగితం మీద మీ ఇంటికి ఓ అంతస్తో, అంగడో కొత్తగా మొలిచింది. అప్పుడు మాత్రం ఊరుకోకూడదు.

మా బావకి ఇదే జరిగింది. ఊరి పేరెందుకులెండి. కింద స్కూటరు పెట్టుకునే గదికి షట్టరుంటే అంగడి అని రాసుకున్నారు. మిద్దె మీద రేకుల పంచ మొదటి అంతస్తయింది. చట్టంలో ఇళ్లకి విలువ మీద 0.10 నుంచి 0.50 శాతం దాకా, వ్యాపారానికి 0.20 నుంచి 2 శాతం దాకా ఉంది. షట్టరు ఎంత ఖరీదైందో చూడండి!

బావ రెండుసార్లు వార్డు సచివాలయానికి వెళ్లి గట్టిగానే అరిచొచ్చాడు. "చూస్తాంలేండి సార్" అన్నారు, అంతే. నోటిమాటకి తేదీ ఉండదు, గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆ గడువెంతో నోటీసులోనే ఉంటుంది, ముందు అది చూసుకోండి. మూడోసారి మునిసిపల్ కమిషనర్ పేరిట రివిజన్ పిటిషన్, అంటే పన్ను మళ్లీ లెక్క చూడమనే అర్జీ రాసి ప్లాను కాపీ, పాత రసీదు, స్కూటరుతో సహా గది ఫొటో జతచేసి, తన కాపీ మీద ముద్ర వేయించుకున్నాడు. వచ్చి మళ్లీ కొలిచారు. అంగడి పోయింది. పంచ పోలేదు. మూడు వైపులా గోడ కట్టుకున్నది బావే మరి.

అందుకే నా ఓటు రాతపూర్వక అర్జీకే. కాకపోతే అర్జీ పెట్టారంటే టేపు మీ ఇంటికొస్తుంది. ప్లానులో లేని అంతస్తుంటే పన్ను మీద 100 శాతం దాకా జరిమానా పడొచ్చు. వాళ్లకంటే ముందు మీరే కొలుచుకోండి. నోటీసులో ఉన్న కొలతకంటే మీ ఇల్లే పెద్దదని తేలితే చప్పుడు చేయకుండా కట్టేయడం మేలు.

సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీ తిరిగి మునిసిపాలిటీకే వస్తుంది. కోర్టుకి పోవాలంటే కార్పొరేషన్లలో ముందు కమిషనర్ దగ్గర అర్జీ తేలాలి, అడిగిన పన్నూ జమచేయాలి. మామూలు ఇంటికి అంత అక్కర్లేదు.

అర్జీ పెట్టాం కదా అని పన్ను ఆపకండి, ఆలస్యానికి నెలకి 2 శాతం వడ్డీ. బావ మొదటి అర్ధ సంవత్సరం నోటీసులో ఉన్నంతా కట్టేశాడు, తేడా రెండో అర్ధ సంవత్సరం బిల్లులో తగ్గించారు.