'మాకింగ్‌బర్డ్' పరీక్షల ప్యాకేజీ కొనబోయే టీచర్లకు హెచ్చరిక

అమెరికా హైస్కూళ్లలో ఇంగ్లిష్ చెబుతున్న మన తెలుగు టీచర్లూ, ఇంట్లో పిల్లల చేత నవలలు చదివిస్తున్న తల్లిదండ్రులూ దయచేసి ఇది చదవండి. పాఠ్య సామగ్రి అమ్మే ఆ సైటు ఏదో మీ అందరికీ తెలుసు. అందులో మంచి రేటింగ్ ఉన్న ఒక అమ్మకందారు దగ్గర హార్పర్ లీ 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' నవల 31 అధ్యాయాల మీదా ఆన్‌లైన్ పరీక్షలున్నాయంటే 38 డాలర్లు పెట్టి కొన్నాను. కొనకముందు చూడనిచ్చిన పేజీలు చక్కగానే ఉన్నాయి. జవాబుల కీ మాత్రం పిల్లలు పరీక్ష రాసి పంపాకే తెరుచుకునేలా పెట్టారు.

ఫలితాలు రాగానే, తొమ్మిదో తరగతిలో అందరికంటే శ్రద్ధగా చదివే అమ్మాయి 18వ అధ్యాయం తెరిచి, ఒక వాక్యం మీద వేలు పెట్టి నా బల్ల దగ్గరికి వచ్చింది. మయెల్లా అనే తెల్లజాతి యువతిని చెరిచాడని అన్యాయంగా నింద మోపబడ్డ నల్లజాతి యువకుడు టామ్ రాబిన్సన్‌కు పనిచేయని చేయి ఏది అన్న ప్రశ్నకు తను ఎడమ అని రాస్తే, కీ దాన్ని తప్పు కొట్టి కుడి చేయి అని చూపించింది. మయెల్లాకు దెబ్బలు ముఖం కుడివైపున తగిలాయని షెరిఫ్ సాక్ష్యం చెబుతాడు, అంటే కొట్టింది ఎడమచేతి వాటం మనిషే అయి ఉండాలి. ఆమె తండ్రి బాబ్ యూవెల్ చేత కోర్టులోనే పేరు రాయించి, అతడిది ఎడమచేతి వాటమని టామ్ తరఫు లాయరు అట్టికస్ అందరికీ చూపిస్తాడు. చిన్నతనంలో పత్తి జిన్నింగ్ యంత్రంలో పడి నలిగిన టామ్ ఎడమ చేయి, కుడిదానికంటే 12 అంగుళాలు పొట్టిగా, చచ్చుబడి వేలాడుతుంటుంది. ఇంత కళ్లెదుట కనిపిస్తున్నా జ్యూరీ అతడినే దోషి అనడంలోనే ఆ నవల ఆవేదన అంతా ఉంది. చేయి మార్చేస్తే అట్టికస్ వాదనే నిలవదు.

మిగతా కీ చూస్తే అసలు సంగతి బయటపడింది. జైలు ఆవరణలో కంచె ఎక్కుతున్న టామ్ ఒంట్లో 17 గుళ్లు దిగాయని 24వ అధ్యాయం చెబుతుంటే, అతడిని తరలిస్తుండగా గాయపరచబోయి గురి తప్పి చంపారన్నదే సరైన జవాబని కీలో ఉంది. అది 1962లో వచ్చిన సినిమాలోని కథనం. సినిమాలో లేని, అట్టికస్ పిల్లల మేనత్త అలెగ్జాండ్రా గురించి గానీ, వాళ్లింటి వంటమనిషి కాల్పర్నియా ఆ పిల్లలను తన చర్చికి తీసుకెళ్లిన ఘట్టం గురించి గానీ ప్యాకేజీలో ఒక్క ప్రశ్న లేదు. పుస్తకం ముట్టకుండా సినిమా చూసి వచ్చిన పిల్లలకు మార్కులు పడ్డాయి, రాత్రిళ్లు కూర్చుని చదివిన పిల్లలకు పోయాయి.

పేజీ నంబర్లతో సహా అన్నీ వివరంగా రాసి డబ్బు తిరిగి ఇమ్మన్నాను. తొమ్మిదో తరగతి పిల్లలకు ఏ చేయి అన్నది అంత ముఖ్యం కాదనీ, మిగతా టీచర్లెవరూ ఇలా గొడవ చేయలేదనీ, డిజిటల్ సరుకుకు వాపసు ఉండదనీ జవాబు వచ్చింది. డబ్బు పోయినందుకు కాదు, ఆ మొదటి మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. ఒక నిర్దోషి ప్రాణం ఏ సాక్ష్యం మీద ఆధారపడిందో ఆ సాక్ష్యమే ముఖ్యం కాదనే మనిషి, పిల్లల అవగాహనను పరీక్షిస్తానని సరుకు అమ్ముతున్నారు! సైటు వాళ్లకు ఫిర్యాదు చేస్తే, అమ్మకందారుతోనే మాట్లాడుకోమన్నారు. ప్యాకేజీ ఇంకా అమ్మకానికి ఉంది.

ఆ పరీక్ష రద్దు చేశాను. మార్ఫిన్ అలవాటును వదిలించుకుని మరీ కన్నుమూసిన పొరుగావిడ మిసెస్ డుబోస్‌ను, తనను అన్నన్ని మాటలన్న ఆ ముసలావిడను, అట్టికస్ ఎందుకు అంత ధైర్యవంతురాలన్నాడో ఒక పేజీ రాయమన్నాను. సినిమా చూసినంత మాత్రాన దీనికి జవాబు రాయలేరు. ఎవరి దగ్గరైనా ఇలాంటివి కొనేముందు 18, 24 అధ్యాయాల కీ చూపించమని అడగండి, చూపించకపోతే కొనకండి. ఇప్పటికే కొన్నవారు క్రెడిట్ కార్డు కంపెనీకి వెంటనే ఫిర్యాదు పెట్టండి, గడువు దాటితే వాళ్లు పట్టించుకోరు.