స్పియన్ కోప్ మీద 12 నిమిషాలు

దక్షిణాఫ్రికాలోని డ్రేకెన్స్‌బర్గ్ పర్వతాలను హెలికాప్టర్‌లోంచి చూడడానికి పెట్టిన ఖర్చుకు నేను చింతించడం లేదు. అదే ప్రయాణంలో స్పియన్ కోప్ యుద్ధభూమి విషయంలో జరిగిన మోసాన్ని మాత్రం మరచిపోలేకపోతున్నాను.

మే నెలలో నాన్నగారిని తీసుకుని డర్బన్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లాను. ఉన్నత పాఠశాలలో చరిత్ర బోధించి విరమించిన నాన్నగారి కోరిక ఒక్కటే: బ్రిటిష్ సేనకూ, డచ్చి సంతతి వలసదారులైన బోయర్లకూ జరిగిన యుద్ధంలో, 1900 జనవరిలో గాంధీ అంబులెన్స్ దళం బ్రిటిష్ క్షతగాత్రులను మోసిన ఆ కొండను చూడాలి. సుమారు 1,100 మంది ఉన్న ఆ దళంలో అధికులు ఒప్పంద కూలీలు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి, డర్బన్ ఉన్న నటాల్ ప్రాంతం చేరిన కూలీల్లో మన తెలుగువారూ ఉన్నారు.

పర్వతాల దిగువ షాంపేన్ లోయలో మేము దిగిన అతిథిగృహం రాత్రికి 1,450 ర్యాండ్లు, శుభ్రంగా ఉంది. హెలికాప్టర్‌కు మనిషికి 5,600, ఇద్దరికీ 11,200 ర్యాండ్లు, అంటే దాదాపు 53 వేల రూపాయలు, ముందే కట్టించుకున్నారు. పర్వతాల మీదుగా వెళ్లి, స్పియన్ కోప్ మీద దింపి, 40 నిమిషాలు ఉంచుతామన్నది ఒప్పందం.

కింది నుంచి చూసినప్పుడు వేర్వేరు శిఖరాలనుకున్నవి పైకి వెళ్లేసరికి లెసోతో దేశపు పీఠభూమి అంచులని తెలిసింది. ఆ ఎత్తైన మైదానం ఒక్కసారిగా తెగిపోయి, నల్లని గోడగా నిలువునా దిగుతుంది. జులూలు దీన్ని ఉఖహ్లాంబ, అంటే ఈటెల గోడ, అని ఎందుకన్నారో 3,377 మీటర్ల షాంపేన్ కాసిల్ పక్కగా ఎగిరినప్పుడు అర్థమైంది. ఐదు కిలోమీటర్ల పొడవున వంపు తిరిగిన యాంఫీథియేటర్ కొండగోడ ఎదుట నాన్నగారు చేతులు జోడించారు.

స్పియన్ కోప్‌ను మాత్రం గాలిలోంచే మొదట చూడాలని నా గట్టి అభిప్రాయం. జనవరి 23 రాత్రి చీకటిలో ఎక్కిన బ్రిటిష్ సేన, రాతినేలలో లోతుగా తవ్వలేక, మోకాలి లోతైనా లేని కందకం తీసుకుంది. మర్నాడు పొగమంచు విడిపోయాక గాని తాము శిఖరమంతా ఆక్రమించలేదని, పక్క గుట్టల మీది బోయర్ల తుపాకులకు ఎదురుగా ఉన్నామని వారికి తెలియలేదు. కందకాన్ని కొస నుంచి కొసకు గురిపెట్టగల అలో నాల్ గుట్ట ఎంత దగ్గరో పైనుంచి ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఇంత చూపించిన ఆ హెలికాప్టర్ సంస్థ, దించిన 12 నిమిషాలకే మమ్మల్ని వెనక్కి పిలిచింది. పైలట్ వాతావరణం మారుతోందన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. లోయకు తిరిగి వచ్చేసరికి తర్వాతి బృందం హెలికాప్టర్ ఎక్కడానికి బరువు తూచుకుంటూ కనిపించింది. డబ్బు వాపసు అడిగితే, దిగే సమయానికి హామీ లేదన్న షరతును రసీదు వెనక చిన్న అక్షరాల్లో చూపించారు. నాన్నగారు ఆ పూట భోజనం ముట్టలేదు. ఇలాంటి ప్రయాణం కుదుర్చుకునేవారు నేల మీద ఉండే నిమిషాలను రసీదు ముందువైపున రాయించుకోనిదే డబ్బు కట్టకండి.

మర్నాడు కారులో మళ్లీ వెళ్లాం. సైనికులు పోరాడిన కందకమే వారి సమాధి అయింది. దాని వెంట పేర్చిన తెల్లరాళ్ల పక్కన నాన్నగారు ఆ కొస నుంచి ఈ కొసకు రెండుసార్లు నడిచారు. తరువాత కొండవాలు వైపు తిరిగి, దళం వారు గాయపడినవారిని మోస్తూ రోజుకు 20, 25 మైళ్లు నడిచారని గాంధీ రాసిన మాట నాకు చెప్పి, కారు దగ్గరకు రమ్మంటే ఇంకాసేపు ఉందామన్నారు.