కడియం నుంచి తెచ్చిన ‘స్టాగ్‌హార్న్’ ఫెర్న్: 14 నెలల తర్వాత నా రివ్యూ

అసలు పేరు ముందే చెప్పేస్తాను. ఇది ఓక్‌లీఫ్ ఫెర్న్. శాస్త్రీయ నామం డ్రైనేరియా క్వెర్సిఫోలియా. నాకు అమ్మింది మాత్రం స్టాగ్‌హార్న్ అని. కుండీకి కట్టిన చీటీ మీదా అదే రాసి ఉంది, బిల్లు మీదా అదే. 700 రూపాయలు ఇచ్చాను. మొక్కకి నేను అయిదుకి అయిదు ఇస్తాను. అమ్మినవాళ్లకి రెండు కంటే ఎక్కువ ఇవ్వలేను. నర్సరీ పేరు రాయడం లేదు. కడియపులంకలో మెయిన్ రోడ్డు దిగి కాలవ గట్టు వెంబడి వెళ్తే వరసగా పదుల కొద్దీ నర్సరీలు ఉంటాయి, అందులో ఒకటి.

మాది కాకినాడ. మందుల షాపు కౌంటర్లో పని చేస్తాను. రెండో అంతస్తులో, ఉత్తరం వైపు బాల్కనీ. నేరుగా ఎండ పడదు కాబట్టి పూల మొక్కలు సరిగా రావు, ఫెర్న్‌లు మాత్రం బాగా వస్తాయి. గత ఏడాది ఆగస్టులో మా ఆయనతో కలిసి వెళ్లి దీన్ని తెచ్చాను. అప్పటికి మూడు పొడుగాటి పచ్చ ఆకులు, మొదలు దగ్గర అట్టముక్కల్లా నాలుగైదు గోధుమ రంగు ఆకులు ఉన్నాయి. “ఆ ఎండాకులు కత్తిరించేసి, ఎర్రమట్టిలో పెట్టండమ్మా, రోజూ నీళ్లు పోయండి” అన్నాడు కొట్లో అతను. ఇంటికి రాగానే అలాగే చేశాను. ఎండాకులన్నీ కత్తిరించాను. మట్టి కప్పేశాను.

సెప్టెంబరు మూడో వారానికి వేరు దుంప ఒక కొస మెత్తబడి వాసన రావడం మొదలైంది. పచ్చ ఆకుల్లో ఒకటి పడిపోయింది. స్టాగ్‌హార్న్ పెంచే వీడియోలు చూసి, వాళ్లు చెప్పినట్టు చేద్దామంటే నా మొక్క ఏ వీడియోలోని మొక్కలానూ లేదు. అప్పుడు వచ్చింది అనుమానం. పేరే తప్పేమో అని.

ఫోన్లో ఫొటో తీసి వెతికితే మూడు సార్లకి మూడు పేర్లు చూపించింది. ఒకసారి స్టాగ్‌హార్న్, ఒకసారి మైక్రోసోరం, ఒకసారి డ్రైనేరియా. ఫొటో మీద ఆధారపడితే లాభం లేదని, ఇంటర్లో తెలుగు మీడియం బైపీసీలో ఫెర్న్ ఆకు వెనక చూడమని చెప్పిన పాఠం గుర్తు తెచ్చుకున్నాను. నగల షాపుల్లో వాడే పది రెట్లు పెద్దదిగా చూపించే లెన్స్ 200 రూపాయలకి కొన్నాను. ఆ లెన్స్‌తో ఒక ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చున్నాను.

ముందు పచ్చ ఆకు. బట్టలు కొలిచే టేపుతో కొలిస్తే కాడతో కలిపి 61 సెంటీమీటర్లు. రెండు పక్కలా దువ్వెన పళ్లలా చీలికలు, 11 జతలు. ఆ చీలికలు నడి ఈనె దాకా వచ్చి, అక్కడ సన్నటి పచ్చ అంచుతో ఒకదానికొకటి కలిసే ఉన్నాయి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఈనెల మధ్య చేపల వల అల్లినట్టు కనిపించింది. స్టాగ్‌హార్న్ ఆకు ఇలా ఉండదు. అది దుప్పి కొమ్ములా ఒక్కో చోట రెండుగా చీలుతూ పోతుంది. వెనక తెల్లటి నూగు ఉంటుంది. సిద్ధబీజాలు, అంటే ఫెర్న్‌లకి విత్తనాల బదులు ఉండే పొడి, కొసల దగ్గర గోధుమ రంగు మఖ్మలు గుడ్డ అతికించినట్టు ఒక్క చోటే పరుచుకుని ఉంటాయి. నా మొక్క ఆకు వెనక అవి విడివిడిగా చిన్న గుండ్రటి బొట్లుగా ఉన్నాయి, ఆవగింజ కంటే చిన్నవి. వాటి మీద పొర లేదు, మూత లేదు. పక్క ఈనెలు రెండింటి మధ్య రెండేసి వరసల్లో, రూళ్ల కర్ర పెట్టి చుక్కలు పెట్టినంత తీరుగా ఉన్నాయి.

ఈ రెండు వరసలే క్వెర్సిఫోలియాకి గట్టి గుర్తు. దీని దగ్గరి చుట్టం డ్రైనేరియా స్పార్సిసోరాలో బొట్లు అడ్డదిడ్డంగా చల్లినట్టు ఉంటాయి. ఇంకో చుట్టం రిజిడ్యులాలో ఆకు పూర్తిగా చీలిపోయి, చిన్న ఆకులు వేటికవి విడిగా ఉంటాయి. ఫోన్ చూపించిన మైక్రోసోరంకైతే గోధుమ ఆకులే ఉండవు.

అలా గోధుమ ఆకుల దగ్గరికి వచ్చాను. నేను కత్తిరించి పారేసినవి. వాటి గురించి తెలుసుకున్న రోజు నిజంగా బాధపడ్డాను. అవి చచ్చిన ఆకులు కావు, ఈ మొక్కకి రెండో రకం ఆకులు. కాడ ఉండదు. పుట్టినప్పుడు లేత పచ్చగా ఉండి, కొద్ది వారాల్లోనే గోధుమ రంగుకి తిరిగి, గట్టిపడి, ఏళ్ల తరబడి అలాగే నిలబడతాయి. వాటి వెనక బొట్లు ఉండవు. ఈ మొక్క మట్టిలో పుట్టేది కాదు, చెట్టు బెరడు మీదా రాతి మీదా ఉంటుంది. పుస్తకాల్లో వృక్షోపజీవి అంటారు. అక్కడ దానికి ఎరువెక్కడిది? ఈ గోధుమ ఆకులు గంపలా నిలబడి పైనుంచి రాలే ఆకుల్నీ, దుమ్మునీ, వాన నీటినీ పట్టుకుంటాయి. అది కుళ్లి ఎరువవుతుంది. ఆ ఎరువులోకే వేర్లు పాకుతాయి. నేను కత్తిరించింది దాని గంపని. మళ్లీ వచ్చిన మొదటి గోధుమ ఆకు 22 సెంటీమీటర్ల పొడవు, 17 వెడల్పు. ఓక్ ఆకులా అంచులు వంపులు తిరిగి ఉంది. ఈ పోలికే పేరైంది. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పోలిపోడియం క్వెర్సిఫోలియం అన్నాడు, తర్వాత డ్రైనేరియా అయింది. కొత్తగా కొందరు అగ్లావోమార్ఫా అని కూడా రాస్తున్నారు. వెతికేవాళ్లు మూడు పేర్లతోనూ వెతకండి.

మట్టిలోంచి తీసి కుళ్లిన కొస కోసేశాను. పసుపు రాసి రెండు రోజులు ఆరబెట్టాను. తర్వాత పెద్ద కొబ్బరి డొక్క రెండు ముక్కల మధ్య పెట్టి, పురికొసతో కట్టి గోడకి వేలాడదీశాను. మొక్క కొమ్ము అంటే, ఇందాక వేరు దుంప అన్నదే, అల్లం కొమ్ములాగే అడ్డంగా పాకేది, వేలి కంటే లావు, ఒళ్లంతా గోధుమ రంగు పొలుసులు. దూరం నుంచి నూగులా కనిపిస్తుంది. దాన్ని కప్పకూడదు, గాలి తగలాలి. వారానికి మూడుసార్లు మొత్తం ఒక బకెట్లో ముంచి తీస్తాను. చలికాలంలో ఒకసారి చాలు.

మా షాపులో చేసే అమ్మాయిది తమిళనాడులోని నామక్కల్. ఇంటికి వచ్చి దీన్ని చూడగానే, “అక్కా, ఇది మా కొల్లి కొండల ముడవాట్టుకాల్ కిళంగు కదా” అంది. అక్కడ ఆ కొమ్ము పొలుసులు గీకి, మిరియాలు వేసి సూప్ చేసి కొండ మీద బండ్లలో అమ్ముతారట. పేరులోని ఆట్టుకాల్ అంటే మేక కాలు, ఆ నూగు చూసి అలా పోల్చారు. నాకు ఆ పోలిక చాలా నచ్చింది. తినడం గురించి మాత్రం నేను ఏమీ చెప్పను. నాది ఇంట్లో పెంచుకునే మొక్క.

మా అత్తయ్యగారికి ఇంకో భయం. “ఇది బదనిక, పక్క మొక్కల రసం తాగేస్తుంది” అన్నారు. బదనిక చెట్టు లోపలికి వేరు దింపి దాని తిండి తింటుంది. ఇది చెట్టుని పట్టుకుని కూర్చుంటుంది, అంతే. ఆ తేడా ఒక కాగితం మీద బొమ్మ గీసి చూపించాక ఆవిడే రోజూ సాయంత్రం దీని మీద నీళ్లు చిలకరిస్తున్నారు. ఆకు వెనక బొట్లు చూసి తెగులు అనుకుని వేపనూనె కొట్టమన్న పక్కింటావిడకి, ఒక ఆకు తెల్ల కాగితం మీద రాత్రంతా ఉంచి, పొద్దున రాలిన సన్నటి పొడి చూపించాను. ఆ పొడే దాని విత్తనాల బదులు. చీమలు తిరుగుతుంటే కూడా మందు కొట్టకండి. ఈ ఆకు మీద తేనె ఊరే చిన్న గ్రంథులు ఉన్నాయి, వాటి కోసమే వస్తాయి.

ఈ ఏడాది ఏప్రిల్ చివర నాకు అసలు టెన్షన్ మొదలైంది. వడగాడ్పులకి పచ్చ ఆకుల చీలికలు ఒక్కొక్కటే ఊడి కింద పడ్డాయి. మే నెల వచ్చేసరికి నడి ఈనెలు మాత్రం చేప ముళ్లలా నిలబడ్డాయి. చచ్చిపోయిందనుకున్నాను. కానీ కొమ్ము నొక్కి చూస్తే గట్టిగానే ఉంది. ఎండాకాలంలో ఆకు వదిలేయడం దీని పద్ధతే. జూన్‌లో రెండు వానలు పడ్డాక కొమ్ము కొసన నూగు చీల్చుకుని గడియారం స్ప్రింగులా చుట్టుకున్న లేత ఆకు బయటికి వచ్చింది. నాలుగు వారాల్లో అది విప్పుకోవడం నేను పని నుంచి వచ్చి రోజూ చూశాను. ఇప్పుడు ఆరు పచ్చ ఆకులు, మూడు గోధుమ ఆకులు.

ఇక అమ్మినవాళ్లకి రెండే ఎందుకు ఇచ్చానంటే, తప్పు పేరు ఒక్కటే కారణం కాదు. మట్టి కడిగినప్పుడు కొమ్ము అడుగున మామిడి బెరడు ముక్క ఒకటి అంటుకుని ఉంది, వేర్లు దాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. అంటే ఇది నర్సరీలో పెంచింది కాదు, ఎక్కడో చెట్టు మీద నుంచి ఊడబీకి తెచ్చింది. జులైలో ఫొటోలు పట్టుకుని మళ్లీ వెళ్లాను. పేరు తప్పని ఒప్పుకున్నారు, చీటీ మార్చలేదు. ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే, “ఏజెన్సీ నుంచి సరుకు వస్తుందమ్మా” అన్నాడు నీళ్లు పోసే కుర్రాడు. ఏజెన్సీ అంటే మన్యం అడవులు. ఆ నెలలోనే అక్కడి మారేడుమిల్లి వెళ్లాం. రోడ్డు పక్క చెట్ల కొమ్మల సందుల్లో ఇదే మొక్క కనిపించింది, ఒక్కో గుంపు మా బాల్కనీ అంత. భారతదేశం, శ్రీలంక నుంచి ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా ఉత్తరం దాకా ఉన్న మొక్క ఇది. అంత పెద్ద గుంపుని ఊడబీకి ముక్కలు చేసి, విదేశీ పేరు తగిలించి 700కి అమ్మడం నాకు మనసొప్పలేదు.

కొనాలనుకుంటే పేరు చెప్పి అడగండి, ఓక్‌లీఫ్ ఫెర్న్ అని. కాలవకి అవతలి గట్టున చిన్న నర్సరీలో ఇదే మొక్క, తల్లి మొక్క నుంచి విడదీసి కొబ్బరి పీచులో కట్టినది, 180 రూపాయలకి చూశాను. చీటీ మీద పేరు కూడా సరిగ్గా ఉంది. కొనే ముందు ఆకు తిప్పి రెండు వరసల బొట్లు చూడండి. కొమ్ము అడుగు తడిమి చూడండి. బెరడు తగిలితే వదిలేయండి. గోధుమ ఆకులు ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచి మొక్క, వాటిని కత్తిరించి శుభ్రం చేసి పెట్టిన కొట్లో కొనకండి.

నా దాని కొమ్ము ఇప్పుడు రెండుగా చీలి డొక్క అంచు దాటింది. వచ్చే జూన్‌లో వానలు పడ్డాక ఒక పాయ విడదీసి నామక్కల్ అమ్మాయికి ఇస్తానని మాటిచ్చాను.